సాక్ష్యం పాడే గొంతు



1978, 79 సంవత్సరాల్లో, ఇంచుమించు ఏడాదిన్నర వ్యవధిలో, క్రీస్తును గురించి మూడు చోట్ల మూడు రకాల పాటలు వచ్చాయి. ఇంగ్లండులో క్లిఫ్ రిచర్డ్ 'స్మాల్ కార్నర్స్' అనే ఆల్బమ్ తెచ్చారు. తెలుగులో 'కరుణామయుడు' సినిమా వచ్చింది. అందులో మోదుకూరి జాన్సన్ రాసిన కరుణరథం పాటను మన బాలసుబ్రహ్మణ్యం గారు పాడారు. అమెరికాలో బాబ్ డిలన్ 'స్లో ట్రైన్ కమింగ్' అనే ఆల్బమ్ చేశారు. క్లిఫ్ రిచర్డ్, డిలన్ ఇద్దరూ పాప్, రాక్ సంగీతంలో పేరు మోసినవాళ్లు. తాము నమ్మినదాన్ని తమ పేరు మీద, తమ గొంతుతో చెప్పడానికి ఆ ఆల్బమ్‌లు చేశారు. బాలు గారి సంగతి వేరు. ఆయన వేరే సంప్రదాయంలో పుట్టి పెరిగి, మరొకరి భక్తికి తన గొంతు ఇచ్చారు.

ఈ పూట ఈ తేడా గురించి మాట్లాడుకుందాం. ఎందుకంటే నెల్లూరు తీరంలో ఇప్పుడు ఏ పల్లెకు వెళ్లినా చర్చిలో కీబోర్డు ఉంది, ప్యాడ్స్ ఉన్నాయి, గిటారు నేర్చుకుంటున్న కుర్రవాళ్లూ ఆడపిల్లలూ ఉన్నారు. చిన్న స్టూడియోకి వెళ్లి ట్రాక్ మీద పాడి వస్తున్నారు. సెల్‌ఫోన్లలో ఊరంతా వింటోంది. పనిముట్లు చేతికి వచ్చాయి. వాటితో ఏం చెప్పాలన్నదే ఇక తేలవలసింది. వాళ్లలో ఎవరో ఒకరు రేపు తన విశ్వాసం గురించి సొంత ఆల్బమ్ చేస్తారు. ఆ చేసేవాళ్ల కోసమూ, వినే పెద్దల కోసమూ ఈ నాలుగు మాటలు.

క్లిఫ్ రిచర్డ్ మనకు మరీ పరాయివారేం కాదు. 1940లో లక్నోలో పుట్టారు. అసలు పేరు హ్యారీ వెబ్. చిన్నతనం కొంత హౌరాలో గడిచింది. 1948లో కుటుంబం ఇంగ్లండుకు ఓడెక్కింది. ఇరవై ఏళ్లు నిండకముందే అక్కడి కుర్రకారు వెర్రిగా అభిమానించే గాయకుడయ్యారు. 1966 జూన్‌లో లండన్‌లో జరిగిన బిల్లీ గ్రాహం సభల్లో వేదికెక్కి, తాను క్రైస్తవ విశ్వాసినని అందరి ముందూ చెప్పారు. ఇక పాప్ పాటలు మానేసి పంతులుగా బతుకుదామని కూడా అనుకున్నారు. చివరికి మానలేదు. రెండు దారులూ ఒకేసారి నడిచారు. 1976లో 'డెవిల్ ఉమన్' అనే పాటతో అమెరికాలో కూడా పేరు తెచ్చుకున్న మనిషే రెండేళ్లకు 'స్మాల్ కార్నర్స్' పాడారు. అందులో లారీ నార్మన్ అనే అమెరికన్ గాయకుడి పాటలున్నాయి. ఆ నార్మన్ 1969లో చేసిన 'అపాన్ దిస్ రాక్' ఆల్బమ్‌ను క్రైస్తవ రాక్ సంగీతానికి మొదటిదిగా చాలామంది లెక్కిస్తారు. హుషారైన తాళం లోకానిదనీ, నెమ్మదైన తాళమే దేవుడిదనీ ఎవరు పంచిపెట్టారన్నది నార్మన్ వాదం. ఆ వాదానికి క్లిఫ్ రిచర్డ్ తన పేరు ప్రతిష్ఠలు జోడించారు.

డిలన్ కథలో ఇంకా బరువుంది. ఆయన 1941లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అరవైలలో ఒక తరానికి తరమే తమ మనసులో మాట ఆయన పాటల్లో విన్నది. అలాంటి మనిషి 1978 నవంబరులో శాన్ డియాగోలో కచేరీ చేస్తుండగా జనంలోంచి ఎవరో చిన్న వెండి సిలువను వేదిక మీదికి విసిరారు. ఆయన వంగి దాన్ని తీసి జేబులో వేసుకున్నారు. ఆ తర్వాత అరిజోనాలో ఒక హోటల్ గదిలో క్రీస్తు సన్నిధి తనకు అనుభవమైందని ఆయనే చెప్పారు. 1979 మొదటి నెలల్లో కాలిఫోర్నియాలో ఒక సంఘం నడిపే బైబిలు తరగతుల్లో మామూలు విద్యార్థిలా కూర్చున్నారు.

ఆ పాటలు రికార్డు చేసింది అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్ స్టూడియోలో. జెర్రీ వెక్స్‌లర్, బారీ బెకెట్ నిర్మాతలు. వెక్స్‌లర్ అరెతా ఫ్రాంక్లిన్, రే చార్లెస్ వంటి మహాగాయకులతో పనిచేసినవారు. దేవుడి మీద నమ్మకం లేదని నిర్మొహమాటంగా చెప్పేవారు. గిటారు వాయించింది ఇంగ్లండు నుంచి వచ్చిన మార్క్ నాఫ్లర్. వాళ్లు ప్రార్థన చేయడానికి కూడలేదు. పాట శుద్ధంగా రావాలని కూడారు. ఈ సంగతి మనవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. భక్తి ఉంది కదా అని శ్రుతి తప్పితే దేవుడు సర్దుకుంటాడనుకోవడం భక్తి కాదు. ఆ ఆల్బమ్‌లో ఒక్క గిటారు మీటు కూడా వృథాగా లేదు.

ఆ ఆల్బమ్‌లో చివరి పాట 'వెన్ హి రిటర్న్స్'. ముందు దీన్ని వెనక కోరస్ పాడే స్త్రీల చేత పాడించాలనుకున్నారు. వాళ్లకు దారి చూపడానికి బెకెట్ ఒక్కరే పియానో వాయిస్తుంటే డిలన్ ఒక రఫ్ ట్రాక్ పాడారు. తర్వాత ఆయన మనసు మారింది. ఈ పాట ఇంకొకరు పాడేది కాదు, నేనే పాడాలి అనుకున్నారు. డ్రమ్స్ లేవు, కోరస్ లేదు. ఆ పియానోనే ఉంచుకుని, గొంతు కుదిరేదాకా మళ్లీ మళ్లీ పాడారు. విని చూడండి. గొంతు పైకెక్కేచోట పగులుతుంది. మామూలు స్టూడియోలో అయితే అది తప్పని తీసేస్తారు. ఇక్కడ ఆ పగులులోనే మనిషి కనబడతాడు. ఆల్బమ్ మొత్తంలో నేను ఎక్కువసార్లు విన్నది ఆ పాటే.

1979 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వార్‌ఫీల్డ్ థియేటర్లో ఆయన వరసగా కచేరీలు చేశారు. పాత పాట ఒక్కటీ పాడలేదు. జనం పాత పాటల కోసం వచ్చారు. కొందరు కేకలు వేశారు, కొందరు లేచి వెళ్లిపోయారు. ఆయన కదల్లేదు. మరుసటి ఏడాది ఈ ఆల్బమ్‌లోని మొదటి పాటకు గ్రామీ బహుమతి వచ్చింది. అయినా ఆనాడు ఆయన చెల్లించిన మూల్యం చిన్నదేమీ కాదు. దాదాపు ఇరవై ఏళ్ల అభిమానాన్ని పణంగా పెట్టి పాడారు.

మరి ఆ ఆల్బమ్ అంతా ఒకే ఎత్తులో ఉందా అంటే, లేదనే చెబుతాను. కొన్ని పాటల్లో ఆయన శ్రోత వైపు వేలు చూపిస్తారు. నువ్వు ఇలా ఉన్నావు, నువ్వు ఇటు తేల్చుకో అంటారు. మరికొన్ని పాటల్లో, ఉదాహరణకు 'ఐ బిలీవ్ ఇన్ యు'లో, తానే నిలబడతారు. లోకం నన్ను వెలివేసినా నేను నమ్మినదాన్ని విడవను అనే మనిషి అందులో కనబడతాడు. మొదటి రకం పాటలు వింటే తల ఊపుతాం. రెండో రకం వింటే మన గురించి మనం ఆలోచిస్తాం. రెండేళ్ల తర్వాత, 1981లో, 'షాట్ ఆఫ్ లవ్' ఆల్బమ్ చివర 'ఎవ్రీ గ్రెయిన్ ఆఫ్ శాండ్' పాట వచ్చేసరికి ఆ వేలు పూర్తిగా దిగిపోయింది. అందులో సందేహం ఉంది, అలసట ఉంది, వాటి మధ్యనే నమ్మకం ఉంది. క్రైస్తవం గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా ఆ పాటను గుండెకు హత్తుకున్నారు.

మన చర్చిల్లో ఆదివారం ఆరాధనకు వెళ్లేవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. అయ్యగారు ప్రసంగం చేస్తారు. అది ఆయన బాధ్యత, వాక్యం చదివి వివరిస్తారు. దానికి ముందో వెనకో సాక్ష్యాల సమయం ఉంటుంది. అప్పుడు ఎవరైనా లేవవచ్చు. చేపల గంప దించి వచ్చిన తల్లి లేస్తుంది. చదువు రాకపోవచ్చు. మైకు పట్టుకోవడం తెలియకపోవచ్చు. నా బిడ్డకు జ్వరం వచ్చింది, డాక్టరు ఆశ లేదన్నారు, ఆ రాత్రి ఇలా గడిచింది అని చెబుతుంది. సంఘమంతా నిశ్శబ్దంగా వింటుంది. ప్రసంగంలో నిద్రపోయినవాళ్లు కూడా సాక్ష్యం దగ్గర మేలుకుంటారు. విశ్వాసం గురించి సొంత ఆల్బమ్ చేయదలుచుకున్న గాయకుడు నేర్చుకోవలసింది ఆ తల్లి దగ్గరే. ఈ రోజు నేను చెప్పదలుచుకున్న ఒకే ఒక్క మాట ఇది: ఆల్బమ్ సాక్ష్యం కావాలి. ప్రసంగం చేయడానికి అయ్యగారున్నారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల పని 1840లో మొదలైంది. శామ్యూల్ డే అనే మిషనరీ ఆ ఏడాది ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. 1849లో లైమన్ జ్యూయెట్ వచ్చి కలిశారు. ఏళ్లు గడిచినా విశ్వాసుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేలాగే ఉంది. పక్కన బర్మాలో వాళ్ల పని ఊపందుకుంది, ఇక్కడ మాత్రం కదలిక లేదు. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన సభల్లో నెల్లూరు మిషన్ మూసేద్దామన్న మాట గట్టిగా వచ్చింది. మిషన్ పటంలో బర్మా నిండా కేంద్రాలను గుర్తించే నక్షత్రాలున్నాయి, సముద్రానికి ఇవతల నెల్లూరు దగ్గర ఒక్కటే ఉంది. ఆ ఒంటరి నక్షత్రం మాట చర్చలో దొర్లింది. ఆ రాత్రి శామ్యూల్ ఎఫ్. స్మిత్ అనే పాస్టరు 'లోన్ స్టార్' అనే పద్యం రాశారు. అమెరికా దేశభక్తి గీతాల్లో పేరెన్నికగన్న ఒక పాట ఆయన రాసిందే. మరునాడు ఆ పద్యం చదివి వినిపించారు. విన్నవాళ్లు కదిలిపోయారు. నెల్లూరు మిషన్ నిలిచింది. అప్పటి నుంచి దానికి లోన్ స్టార్ మిషన్ అన్న పేరే స్థిరపడింది.

ఎక్కడో వేల మైళ్ల అవతల, నెల్లూరును కళ్లతో చూడకుండానే ఒక మనిషి రాసిన కొన్ని చరణాలు మన ఊరి చరిత్రను మార్చాయి. పాటకున్న శక్తి గురించి ఇంతకంటే పెద్ద రుజువు నాకు కనిపించదు. అయితే ఆ పద్యంలో నెల్లూరు ఒక గుర్తు మాత్రమే. అందులో పెన్న లేదు, ఇక్కడి మనుషుల మాట లేదు. ఆ లోటు తీర్చవలసినవాళ్లు ఇక్కడివాళ్లే.

ఇక్కడివాళ్ల మాట అనగానే ఆ మిషన్‌ను నిలబెట్టిన ప్రజల సంగతి చెప్పాలి. 1865లో నెల్లూరు వచ్చిన మిషనరీ జాన్ క్లౌ మరుసటి ఏడాది ఒంగోలు వెళ్లారు. 1876 నుంచి 78 దాకా తీరమంతా కరువు. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే క్లౌ మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. మట్టి తట్టలు దించి విశ్రాంతి తీసుకునే వేళల్లో బోధకులు వాళ్లతో మాట్లాడేవారు. ఆ కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఊరి జాతరల్లో డప్పు కొట్టడం వాళ్ల మీద ఊరు మోపిన పని. కొత్త విశ్వాసంలోకి వచ్చినవాళ్లు ఇక ఆ పనికి రామన్నారు. పెద్దలతో తగాదాలు వచ్చాయి, దెబ్బలు తిన్నారు. అలా వాళ్ల సొంత వాయిద్యం చర్చి గుమ్మం బయటే ఉండిపోయింది. ఆనాడు దాన్ని కింద పెట్టడానికి ధైర్యం కావలసి వచ్చింది. బానిసత్వానికి గుర్తుగా మోగిన డప్పును ఇప్పుడు ఆత్మగౌరవంతో ఎత్తుకుని లోపలికి తేవడానికి కూడా అంతే ధైర్యం కావాలి. గిటారు పక్కన డప్పు మోగే ఆల్బమ్ ఈ తీరం నుంచి వస్తే, అందులో నూట యాభై ఏళ్ల చరిత్ర పలుకుతుంది.

గుడిలో గిటారేమిటి, ఈ రాక్ గోల ఏమిటి అని అనే పెద్దలున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ వాయిద్యాల కులగోత్రాలు కాలంతో మారతాయి. హార్మోనియం ఐరోపాలో పుట్టింది, మిషనరీలతో కలిసి మన దేశానికి వచ్చింది. దాని మెట్లకు గమకం పలకదని ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1971 దాకా సాగింది. ఇప్పుడు హార్మోనియం లేని భజన ఉందా? హరికథ ఉందా? చర్చి ఉందా? ముప్పై ఏళ్ల తర్వాత గిటారు గురించి కూడా ఎవరూ అడగరు. అడగవలసింది పాట గురించే. అది నిజమా, అరువా?

తెలుగు క్రైస్తవ పాటకు ఈ నిజాయితీ మొదట్లోనే ఉంది. పురుషోత్తమ చౌదరి గారిని తలుచుకోండి. 1803లో పుట్టారు, 1890లో పోయారు. ఉత్తరాన గంజాం ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబం. తెలుగులో అచ్చయిన కరపత్రాలు చదివి, ఆలోచించి, 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో దానికి చెల్లించవలసిన మూల్యం ఏమిటో ఊహించుకోండి. అయినవాళ్లు దూరమయ్యారు. ఆయన రాసిన కీర్తనలు నూటికి పైగా ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. చాలా కీర్తనలకు పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. త్యాగరాజు, రామదాసు ఏ ఛాయలో పాడారో ఆ ఛాయలోనే చౌదరి గారు క్రీస్తును పాడారు. తనకు తెలిసిన సంగీతాన్ని పారేసి పియానో బాణీ పట్టుకోలేదు. నేను పాపిని, నన్ను విడవకు అని మొత్తుకునే ఆ గొంతు ఆయన సొంతం. తన కాలంలో తన శ్రోతల చెవికి ఇంపైన సంగీతం ఏదో దాన్నే ఎంచుకుని, తన జీవితాన్ని అందులో పోశారు. ఆనాటి కీర్తన చేసిన పనే ఈనాడు ఒక పాప్ ఆల్బమ్ చేయవలసింది.

నమ్మినదాన్ని సొంత గొంతుతో చెప్పడం నెల్లూరుకు కొత్త కూడా కాదు. పదమూడో శతాబ్దంలో ఇక్కడ మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన గారు తాను నమ్మిన హరిహరనాథుడికి భారతాన్ని అంకితమిచ్చారు. శివుడా విష్ణువా అని జనం కొట్టుకుంటున్న రోజుల్లో తన మనసుకు తోచిన దైవాన్ని తన కావ్యం ముందు నిలబెట్టారు. విశ్వాసం అందరిదీ అయినా, దాన్ని పలికే గొంతు ఒక్క మనిషిదే అని ఈ ఊరికి ఏడు వందల ఏళ్ల కిందటే తెలుసు.

బాలు గారి దగ్గరికి వస్తాను. తండ్రి సాంబమూర్తి గారు నెల్లూరులో హరికథలు చెప్పిన విద్వాంసులు. బాలు గారు తుదిదాకా తన సంప్రదాయంలోనే ఉన్నారు. 2020 ఫిబ్రవరిలో నెల్లూరులోని తమ ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. అదే సంవత్సరం సెప్టెంబరు 25న కన్నుమూశారు. అలాంటి మనిషి పాడిన కరుణరథం పాట విని కళ్లు తుడుచుకోని తెలుగు క్రైస్తవ కుటుంబం ఉండదు. 'కరుణామయుడు' సినిమాను ఊరూరా తెరలు కట్టి చూపించారు. సిలువ మోసుకుంటూ నడిచే దృశ్యం వెనక ఆ గొంతు వినబడితే ఏ మతంవాళ్లయినా నిలబడిపోయారు. పొరుగువాడి దుఃఖంలోకి, పొరుగువాడి భక్తిలోకి ఇంత గౌరవంతో ప్రవేశించడం గొప్ప మానవ ధర్మం. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు అన్ని మతాలవాళ్లూ వెళ్లి, చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునే ఊరు మనది. ఆ ఊరి గొంతు అలా కాక ఇంకెలా ఉంటుంది?

అయితే ఒక చిక్కు కూడా వచ్చింది. బాలు గారు, ఆయన తరం సినీ గాయకులు ఎంత బాగా పాడారంటే, భక్తి పాట అంటే పేరున్న గాయకుడి చేత పాడించేదే అన్న అలవాటు స్థిరపడింది. క్యాసెట్ల కాలంలో ఒకరు రాస్తే, ఇంకొకరు బాణీ కడితే, సినిమా గాయకులు ఒక పూట వచ్చి పాడి వెళ్లేవారు. పాటలు చక్కగా ఉండేవి. రాసినవాడి గొంతు మాత్రం వినబడేది కాదు. మంచి గాయకుడు ప్రార్థనను తన గొంతులో మోయగలడు, స్తుతిని మోయగలడు. సాక్ష్యం మాత్రం చూసినవాడే చెప్పాలి.

మరి ఈ తీరం చూసిందేమిటి?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి. ఇంట్లో పొయ్యి వెలగాలంటే అప్పు చేయాలి. ఆ రెండు నెలల ప్రార్థన ఎలా ఉంటుంది? దాని మీద పాట ఏదీ? రొయ్యల చెరువులో తెల్లమచ్చ తెగులు పడి రాత్రికి రాత్రి పెట్టుబడంతా పోయిన రైతు ఆదివారం చర్చికి వచ్చి స్తోత్రం అన్నప్పుడు అతని లోపల ఏముంటుంది? దాని మీద పాట ఏదీ? కువైట్‌లో ఎవరి ఇంట్లోనో పనిచేస్తూ, శుక్రవారం సెలవు పూట సంఘంలో పాడుకుని, బిడ్డల ముఖాలు ఫోనులో చూసుకునే తల్లి పాట ఏదీ? 2004 డిసెంబరు 26 ఆదివారం. క్రిస్మస్ వెళ్లిన మరునాడు. ఇళ్ల మీద కాగితపు నక్షత్రాలు ఇంకా దించలేదు. ఆ ఉదయం సునామీ మన తీరాన్ని కూడా తాకింది. ఇరవై ఏళ్లు దాటింది. నిన్న రాత్రి మనం పాడి కొలిచిన దేవుడు ఈ ఉదయం ఎక్కడున్నాడు అని అడిగినవాళ్లు ఉండరా? అడిగి, ఏడ్చి, తర్వాతి ఆదివారం మళ్లీ మోకరించినవాళ్లు ఉండరా? ఆ మోకరింపు ఎంత కష్టమైనదో చెప్పే పాట ఒక్కటి వస్తే చాలు.

ఇలా ప్రశ్నలు అడగడం అవిశ్వాసం అనుకోకండి. బైబిల్లో కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. వాటిలో పెద్ద భాగం మొరలే. ఎంతకాలం, ఎందుకు అని దేవుణ్ణి నిలదీసే గొంతులే. మన తెలుగు చెవికీ ఇది కొత్త కాదు. గోలకొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి ఎంత చనువుగా తిట్టాడో అందరికీ తెలుసు. నమ్మనివాడు దేవుడితో పోట్లాడడు. పోట్లాటకు అవతలివాడు ఉన్నాడన్న నమ్మకం కావాలి. ఇప్పుడు వస్తున్న పాటల్లో గెలుపు ఎక్కువ, మొర తక్కువ. ఆల్బమ్ నిండా విజయమే ఉంటే ఓడిపోయి వచ్చిన శ్రోతకు అందులో కూర్చోవడానికి చోటు దొరకదు.

ఇక రాయబోయే పిల్లలకు కొన్ని మాటలు.

అబ్బాయిలూ, అమ్మాయిలూ, పెద్ద స్టూడియో కోసం ఆగకండి. ఎనిమిది పాటలు చాలు. అన్నిట్లోనూ తుఫాను స్థాయిలో వాయించకండి. ఒక పాటకైనా ఒక్క వాయిద్యం ఉంచి మిగతావి ఆపండి. పాట కుదరకపోతే శ్రుతి తగ్గించి పాడండి. సాఫ్ట్‌వేర్‌తో గొంతును చదును చేస్తే మీరెవరో పోతారు, పోగొట్టుకోకండి. వేరే భాషలో పేరు పొందిన ఆరాధన గీతానికి తెలుగు మాటలు అతికించకండి. బాణీకి సరిపడేలా మాట విరిచారంటే మన అమ్మమ్మలు ఆ పాట పాడలేరు. వాక్యాలు వరసగా పేర్చినంత మాత్రాన పాట కాదు. వాక్యం మీ బతుకులో ఎక్కడ తగిలిందో ఆ చోటు చూపించండి. కొండలూ లోయలూ అని రాయడం తేలిక, మనకు అవి గ్రంథంలోనే ఉన్నాయి. ఉప్పుటేరు మన గుమ్మంలో ఉంది. వాయుగుండం మన వార్తల్లో ఉంది. గలిలయ సముద్రం ఒడ్డున మొదట పిలుపు అందుకున్నవాళ్లు వలలు వేస్తూ, బాగుచేసుకుంటూ ఉన్న జాలరులు. ఆ కథను మైపాడులోనో జువ్వలదిన్నెలోనో వల చిక్కు తీస్తూ పెరిగినవాళ్లు చెప్పినట్టు ఇంకెవరు చెప్పగలరు?

ఇంకో మాట. పాడేటప్పుడు ఎదుట క్రైస్తవులు మాత్రమే ఉన్నారనుకోకండి. మీ పక్కింటి ముస్లిం మిత్రుడు, ఎదురింటి హిందూ అక్క కూడా వింటారు. జార్జ్ హారిసన్ 1970లో 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' ఆల్బమ్‌లో తన కృష్ణభక్తిని పాడితే చర్చికి వెళ్లేవాళ్లు కూడా విన్నారు. ఆయన ఎవరినీ తక్కువ చేయలేదు, తన ఆర్తి ఒక్కటే చెప్పుకున్నారు. సొంత నమ్మకాన్ని పూర్తి గొంతుతో పాడటానికి పక్కవాడి నమ్మకం మీద రాయి వేయనక్కరలేదు. సాక్ష్యం చెప్పేవాడికి ఆ అవసరమే రాదు.

పెద్దలకూ, సంఘాలు నడిపే అయ్యగార్లకూ ఒక విన్నపం. ఈ పిల్లలు తెచ్చే మొదటి పాటలు నునుపుగా ఉండవు. తాళం తడబడవచ్చు. మీకు నచ్చని ప్రశ్న ఉండవచ్చు. వెంటనే కాదనకండి. ఆదివారం ఆరాధనలో సాక్ష్యానికి ఇచ్చే సమయంలోనే ఒక సొంత పాటకు చోటివ్వండి. నెలకొకటైనా సరే. బాగా లేకపోతే ఎందుకు బాగా లేదో దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. కీర్తనల పుస్తకం తెరిచి రాగం, తాళం నేర్పండి. చౌదరి గారి పక్కన గిటారు పెట్టుకుని కూర్చునే కుర్రవాడు తయారైతే మీ సంఘానికి రెండు సంపదలూ దక్కుతాయి.

1853లో నెల్లూరు కోసం అమెరికాలో ఒకరు రాసి పెట్టారు. ఇన్నేళ్ల తర్వాత ఈ తీరంలో చదువుకున్నవాళ్లున్నారు, వాయించేవాళ్లున్నారు, చెప్పుకోవలసిన బతుకు కావలసినంత ఉంది. ఇక నెల్లూరు పాట నెల్లూరే రాయాలి. రాసినవాళ్లే పాడాలి. అది వినడానికి మనం సిద్ధంగా ఉండాలి.